బిడ్డకు చెప్పవలసిన మాట

మన యిండ్లలో పసిబిడ్డకు ఆసుపత్రితో తొలి పరిచయము సాధారణముగా ఒక బెదిరింపు మూలముననే కలుగును. అన్నము తినకున్నను, మధ్యాహ్నము నిద్రపోకున్నను, వచ్చిన చుట్టముల యెదుట అల్లరి చేసినను, "డాక్టరుగారికి చెప్పి సూది వేయిస్తానుండు" అని తల్లియో, నాయనమ్మయో, ఒక్కొక్కప్పుడు ఏ సంబంధమును లేని పొరుగింటి పెద్దమ్మయో అనుచుండుట మనమందఱము విన్నదే. మనలో పెక్కుమంది అన్నదియును. బూచివాని తరువాత, పోలీసువాని తరువాత, మూడవ స్థానము వైద్యునిది. ఆ బెదిరింపు అప్పటికి ఫలించును; బిడ్డ రెండు ముద్దలు మింగును; పెద్దలు ఆ మాట మఱచిపోవుదురు. బిడ్డ మఱవదు. తప్పు చేసినవారికి సూది వేయుదురను సిద్ధాంతము ఆ చిన్ని మనస్సులో స్థిరపడి, ఒకనాడు నిజముగనే పెద్ద వ్యాధి బయటపడి, నిజముగనే ఆసుపత్రిలో పదిపదునైదు దినములు గడపవలసి వచ్చినప్పుడు, "నేనేమి తప్పు చేసితిని?" అను ప్రశ్నగా లోలోపల తొలుచుచుండును.

పెద్ద చికిత్సకు ఆయత్తమగు కుటుంబము చేయని సన్నాహము లేదు. ఉన్న డబ్బు కూడగట్టుకొనును, చాలనిది అప్పు తెచ్చును. రేషను కార్డుకు, ఆధారు కార్డుకు జిరాక్సులు తీయించును. తిరుమలకో యాదగిరిగుట్టకో మ్రొక్కుకొనును. పశువులను పాలివారికి, ఇంటి తాళమును పొరుగువారికి అప్పగించును. ఆసుపత్రి దగ్గఱ పండుకొను చోటెక్కడనో, అన్నము దొరకు చోటెక్కడనో ముందుగా విచారించును. ఇన్నియు చేసి, ఎవరి శరీరముమీద ఆ చికిత్స జరుగబోవుచున్నదో ఆ నాలుగేండ్ల ప్రాణికి మాత్రము "జాతరకు పోదాం పద" అని చెప్పి బస్సెక్కించును. బిడ్డకు, దాని వయస్సుకు తగిన మాటలలో, నిజము చెప్పుట చికిత్సలో ఒక భాగమేగాని చికిత్సకు వెలుపలి లోకమర్యాద మాత్రము కాదని నా నమ్మకము. ఆ నమ్మకమునకు గల ఆధారములను పసిపిల్లల గుండె శస్త్రచికిత్సను ఉదాహరణముగా తీసికొని చెప్పెదను.

వేయిమంది శిశువులు జన్మించినచో వారిలో ఇంచుమించు ఎనిమిది తొమ్మిదిమందికి గుండె నిర్మాణమున ఏదో యొక లోపము పుట్టుకతోనే యుండును. గర్భములో పిండమునకు మొదటి రెండు నెలలు నిండులోపలనే, అనగా పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమను సంగతి రూఢిగా తెలియు కాలమునకే, గుండెయొక్క గదులు, కవాటములు, పెద్ద రక్తనాళములు రూపొందుట ముగియును. అందు లోపమేల కలిగినదో చాలమంది విషయమున వైద్యులును చెప్పజాలరు. గర్భిణికి రుబెల్లా సోకుటయు, అదుపులో లేని మధుమేహమును, కొన్ని జన్యుదోషములును కారణములుగా తేలినవి. మేనరికపు సంబంధములలో ఈ లోపములు కొంత అధికముగా కనబడుచున్నవి. తక్కిన సందర్భములందు కారణము తెలియదు. తెలియనిచోట మన యిండ్లలో నింద ఎవరిపై పడునో వేఱుగ చెప్పనక్కఱలేదు. గ్రహణము పట్టినప్పుడు కోడలు కదలినదనియు, కత్తిపీట ముట్టినదనియు ఎంచు పెద్దలు ఇంకను ఉన్నారు. గ్రహణమునకు గుండెకు సంబంధము లేదు. ఆ తల్లి మీద ఆ భారము కూడ మోపి ఆసుపత్రికి పంపుట కంటె క్రూరమైన సన్నాహము మఱొకటి లేదు.

లోపములలో మిక్కిలి తఱచుగా వినబడునది జనులు గుండెకు రంధ్రమని చెప్పుకొనునది. గుండె క్రింది గదులు రెంటి నడుమ నుండు గోడలో చిల్లు మిగిలిపోవుటయే యిది. ఎడమగది శరీరమంతటికి రక్తమును తోయవలసినది కావున అందు ఒత్తిడి అధికము. కుడిగది ప్రక్కనున్న ఊపిరితిత్తులకు మాత్రమే తోయునది కావున అందు తక్కువ. మిట్టమడి గట్టుకు గండిపడినచో నీరు పల్లపుమడిలోనికే పాఱునట్లు, ఎడమనుండి రక్తము కుడికి మఱలి, అప్పుడే శుద్ధియై వచ్చిన రక్తము తిరిగి ఊపిరితిత్తులలోనికే పోవును. ఊపిరితిత్తులు తడిసి బరువెక్కును. బిడ్డ పాలు త్రాగుచు త్రాగుచు రొప్పును, నుదుట చెమట పట్టును, సగములోనే అలసి విడిచిపెట్టును. నెలలు గడచినను బరువు పెరుగదు. నిమోనియా మాటిమాటికి వచ్చును. చిన్నచిన్న చిల్లులు పెక్కు తమంతట తామే పూడిపోవును. పెద్ద చిల్లులను మాత్రము సకాలమున మూయించవలెను. ఏండ్ల తరబడి ఉపేక్షించినచో ఊపిరితిత్తులలోని నాళములు గట్టిపడి, ఇక మూసినను ప్రయోజనము లేని స్థితి వచ్చును. "పెద్దదైనాక చూద్దాం" అని వాయిదా వేయుట ఈ వ్యాధిలో చెల్లదు.

రెండవది మఱింత జటిలమైనది. ఫాలో అను ఫ్రెంచి వైద్యుడు 1888లో విశదముగ వర్ణించుటచే ఆయన పేరనే చెల్లుచున్నది. అందు గోడకు చిల్లుతోపాటు ఊపిరితిత్తులకు పోవు త్రోవయు ఇఱుకై యుండును. చెడురక్తము కొంత శుద్ధి కాకయే శరీరమునకు పోవుటచే పెదవులు, గోళ్లు నీలివర్ణము తాల్చును. ఇట్టి బిడ్డ నాలుగడుగులు పరుగెత్తి, ఎవరును నేర్పకయే, దిగ్గున గొంతుకూర్చుండును. మోకాళ్లు ముడిచినప్పుడు కాళ్లలోని నాళములు నొక్కుకొని, ఎదురొత్తిడి పెరిగి, ఊపిరితిత్తులకు పోవు రక్తము కొంత హెచ్చుటయే దీనికి కారణము. ఆటలో మాటిమాటికి కూలబడు బిడ్డను సోమరియని తిట్టిన తల్లిదండ్రులు, తరువాత ఈ సంగతి తెలిసినప్పుడు, చాలకాలము తమ్ము తాము క్షమించుకొనజాలరు.

ఈ బిడ్డలకు చికిత్స కలదను మాటయే నూఱేండ్ల క్రిందట లేదు. 1944 నవంబరులో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో బ్లాలాక్ అను శస్త్రవైద్యుడు, హెలెన్ టాసిగ్ అను శిశువైద్యురాలి ప్రేరణచేత, ఒక నీలిశిశువుకు చేతికి పోవు నాళమును ఊపిరితిత్తుల నాళముతో కలిపి కుట్టెను. ఆ కుట్టు విధానమును కుక్కలపై ప్రయోగించి సాధించినవాడు వివియన్ థామస్ అను నల్లజాతి సహాయకుడు; వైద్యపట్టము లేనివాడు; నాటి ఆపరేషనులో బ్లాలాక్ వెనుక పీటమీద నిలుచుండి ఆయనకు మెళకువలు చెప్పుచుండెను. కాని గుండెనే తెఱచి లోపలి చిల్లు పూడ్చుటకు, అంతసేపు గుండెపనిని వేఱొకటి చేయవలెను. గిబ్బన్ అను వైద్యుడు నిర్మించిన యంత్రము 1953లో అందుకు మొదటిసారి సఫలమయ్యెను. ఆ యంత్రము ఇంకను నమ్మదగినది కాని ఆ దినములలో, 1954లో, మిన్నెసోటాలో లిల్లెహై అను వైద్యుడు చేసిన సాహసము నేటికిని చదువరికి ఒడలు పులకరింపజేయును. ఏడాది నిండిన ఒక పసివాని రక్తనాళములను, ప్రక్క బల్లమీద పండుకొనబెట్టిన వాని తండ్రి రక్తనాళములతో గొట్టములద్వారా కలిపి, తండ్రి గుండెయే, తండ్రి ఊపిరితిత్తులే కొడుకుకు పనిచేయుచుండగా, కొడుకు గుండె తెఱచి చిల్లు మూసిరి. ఆపరేషను నెగ్గినది, పసివాడు మాత్రము పదునొకండు దినములకు నిమోనియాతో మరణించెను. ఆయన వెనుదీయలేదు. ఆ పద్ధతిని నలువదియైదుగురికి చేయగా ఇరువదియెనమండుగురు బ్రతికి ఇండ్లకు పోయిరి. రక్తమిచ్చి ప్రక్కన పండుకొన్నవారిలో ఒక్కరును మరణింపలేదు. బిడ్డతోపాటు తండ్రియో తల్లియో శస్త్రచికిత్స బల్లయెక్కిన ఆ యుగము రెండేండ్లలోపలనే ముగిసినది; నేడు ఆ పని యంత్రమే చేయుచున్నది, తల్లిదండ్రులు గుమ్మము వెలుపల ఆగిపోవుచున్నారు.

ఖర్చు సంగతి క్లుప్తముగ చెప్పి ముందుకు పోయెదను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుమార్లు, బడులకు ఒకమాఱు వచ్చి పిల్లలను పరీక్షించును. గుండెచప్పుడులో తేడా మొదట అక్కడనే పట్టుబడుట కలదు. పేదల చికిత్సకు 2007 ఏప్రిలు 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ, రాష్ట్రము రెండైన పిమ్మట రెండుచోట్లను కొనసాగుచున్నది. తెలంగాణములో దాని పరిమితి 2023 డిసెంబరులో పదిలక్షలైనది. ఆంధ్రప్రదేశములో అది నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేర నున్నది. పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రి 1991 నుండి బిల్లు అను మాట లేకయే గుండె ఆపరేషనులు చేయుచున్నది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2021లో పద్మావతీ చిన్నపిల్లల హృదయాలయమును తెఱచిరి. ఆసుపత్రికి పోయిన వెంటనే ఈ పథకపు సహాయకుడగు ఆరోగ్యమిత్ర కూర్చుండు బల్ల యెక్కడనో అడుగుడు. అనుమతి వచ్చుదాక ఎవరికిని డబ్బు కట్టకుడు.

ఇక నల్లగొండ జిల్లా పల్లెలో ఒక యింటిని ఊహింతము. నాలుగేండ్ల పాప, పెదవులు నీలము. ఎకో పరీక్ష అయినది, హైదరాబాదులో ఆపరేషనుకు తేదీ యిచ్చిరి, మూడు వారముల గడువున్నది. ఈ మూడు వారములలో చేయవలసిన పనులలో కొన్ని చదువరికి గుండెతో సంబంధము లేనివిగా తోచును. మొదటిది పండ్లు. పుచ్చిన పంటినుండి క్రిములు రక్తములో ప్రవేశించి గుండెలోపలి పొరపై, క్రొత్తగా వేసిన అతుకుపై స్థిరపడగలవు కావున, దంతవైద్యునకు ముందుగా చూపి, తీయవలసినది తీయించి, పూడ్చవలసినది పూడ్పించి, ఆ చీటి వెంట తీసికొని పోవలెను. రెండవది జలుబు. "జలుబే కదా" అని దాచి తీసికొనిపోయిన బిడ్డకు మత్తులో ఊపిరిగొట్టములు బిగుసుకొనుట, తరువాత నిమోనియా పట్టుట జరుగును. వైద్యుడు ఆపరేషను వాయిదా వేసినచో అది ఆయన నిర్లక్ష్యము కాదు, జాగ్రత్త. ఈ మూడు వారములు బిడ్డను పెండ్లిండ్లకు, తిరునాళ్లకు త్రిప్పకుండుట మేలు. మూడవది గోళ్లు. ఊరికి పోవుచున్నామని మేనత్త ముచ్చటపడి పెట్టిన గోరింటాకు ఇట్టి బిడ్డకు మంచిది కాదు. వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును కొలుచు పరికరము రంగుగోళ్లపై తప్పుగా చూపవచ్చును. గోటి సహజవర్ణమును వైద్యుడు కంటితో చూడవలసిన అవసరమును ఉండును.

మొలతాడు సంగతి వేఱు. ఆపరేషనులో రక్తము కాఱకుండ నాళములను విద్యుత్తుతో కాల్చుదురు. ఒంటిమీద లోహమున్నచో ఆచోట చర్మము కాలు ప్రమాదము కలదు. అందుచే కాళ్లపట్టీలు, చెవిపోగులు, వెండి మొలతాడు, రేకు తాయెత్తు అన్నియు తీయుమందురు. వార్డులో ఈ ఘట్టము తఱచుగ జరుగును. నర్సు కత్తెర తెచ్చును, నాయనమ్మ అడ్డుపడును.

"మొలతాడు తీస్తె ఎట్లనమ్మా? పుట్టిన పదకొండో నాటి నుంచి ఒంటి మీద ఉన్నది."

"నేను కొయ్య, నువ్వే విప్పు అవ్వా. విప్పి నీ చేతికి కట్టుకో. పాప బయటికి వచ్చినంక నీ చేతి మీదికెల్లే మళ్ల కడుదువు."

ముసలమ్మ విప్పి చేతికి కట్టుకొనును. నియమమును వల్లించి కసరుకొను నర్సుకు ఇదే పనికి అరగంట పట్టును, పైగా బిడ్డ ఏడ్చును. శాస్త్రమునకు భంగము లేకయే విశ్వాసమునకు మర్యాద చేయు నేర్పు పాఠ్యగ్రంథములలో ఉండదు; మంచి ఆసుపత్రుల వార్డులలో కలదు.

ఉపవాసము విషయమున మాత్రము ఎవరి విశ్వాసమునకును, ఎవరి జాలికిని తావు లేదు. మత్తులో మింగుడు, దగ్గు రెండును పనిచేయవు. కడుపులో ఆహారమున్నచో పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి దిగును. ఘనాహారమునకు, పాలకు ఆఱు గంటలు, తల్లిపాలకు నాలుగు గంటలు, మంచినీళ్లకు ఒకటి రెండు గంటలు ముందుగా నిలుపుట సామాన్య నియమము. రాత్రి రెండుగంటలవేళ బిడ్డ ఆకలియని యేడ్చినచో దుప్పటిచాటున బిస్కత్తు పెట్టిన తాతగారి దయ ప్రాణాంతకము కావచ్చును. కాని దీనికి రెండవ ప్రక్కయు కలదు. నీలిబిడ్డల రక్తము చిక్కగా నుండును. అనవసరముగ రాత్రినుండి మధ్యాహ్నముదాక నీరు లేకుండ ఎండగట్టుట వారికి కీడు. ఏ గంటకు ఏది ఆపవలెనో కాగితముపై వ్రాయించుకొని, అనుమతించిన గంటవఱకు నీళ్లు పట్టవలెను.

శరీరమునకు ఇన్ని జాగ్రత్తలు, మనస్సుకో? లండనులో టావిస్టాక్ క్లినిక్కున పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ అను నాతడు 1952లో ఒక చలనచిత్రము తీసెను. బొడ్డువాపు ఆపరేషనుకు ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న రెండేండ్ల బాలికను, దినదినము ఒకే వేళకు, చేతి కెమెరాతో చిత్రించెను. నాటి ఆంగ్ల ఆసుపత్రులలో తల్లిదండ్రులు చూడవచ్చుటకు కొద్ది సమయము మాత్రమే యిచ్చెడివారు. తల్లి పోయిన వెనుక బిడ్డ మఱింత యేడ్చునుగాన రాకుండుటయే మేలని వాదించెడివారు. రెండు మూడు దినములకు ఏడ్పు మానిన బిడ్డను చూచి "సర్దుకొన్నది" అని నర్సులు సంతోషించెడివారు. ఆ నిశ్శబ్దము సర్దుబాటు కాదనియు, ఎదిరించి యెదిరించి ఆశ వదలుకొనుట యనియు, మఱికొంత కాలమునకు తల్లి వచ్చినను మొగము త్రిప్పుకొను స్థితికి అదియే మెట్టనియు రాబర్ట్‌సన్ చూపెను. వైద్యులు మొదట మండిపడిరి. కాని 1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతను వెలువడిన నివేదిక తల్లిదండ్రులను వేళానియమము లేక రానిమ్మనియు, పసిబిడ్డతో తల్లిని కూడ చేర్చుకొనుమనియు సిఫారసు చేసెను.

మన సర్కారు ఆసుపత్రులలో తల్లిని వార్డునుండి ఎన్నడును వెళ్లగొట్టలేదు. ఇది మన మనశ్శాస్త్ర పాండిత్యము కాదు. నర్సులు చాలకపోవుటచే మందు పట్టుటకు, ఒళ్లు తుడుచుటకు తల్లి కావలసివచ్చినది. కారణమేదైనను ఫలము మంచిదే. మనలో లోపించినది వేఱొకటి: తల్లి ప్రక్కనే యుండును, కాని నిజము చెప్పదు. "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అనును. సూది గ్రుచ్చిన క్షణమున ఆ మాట అబద్ధమని తేలిపోవును. అటుపిమ్మట "కండ్లు మూసుకో, నిద్ర వస్తుంది" అన్నను, "సాయంత్రానికి నా దగ్గఱికి వస్తావు" అన్నను బిడ్డ నమ్మదు. నమ్మని బిడ్డ పెనగులాడును. పెనగులాడు నీలిబిడ్డకు ప్రాణవాయువు మఱింత పడిపోవును. వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమన్న సామెతకు ఆపరేషను థియేటరు గుమ్మము దగ్గఱ చెల్లుబాటు లేదు.

చెప్పుటకు ఒక కాలము కలదు. రెండు మూడేండ్ల బిడ్డకు వారము ముందు చెప్పినచో కాలజ్ఞానము లేక ప్రతిగంటయు భయపడును; ఒకటి రెండు దినముల ముందు చాలును. నాలుగైదేండ్ల బిడ్డకు నాలుగైదు దినములు, బడికిపోవు పిల్లలకు వారము పదిదినములు ముందుగ చెప్పుట మంచిది. చెప్పువారు బిడ్డకు మిక్కిలి చేరువైన వారే కావలెను. చెప్పుచు ఏడ్వకుండ ఉండగలవారు కావలెను. తల్లి అట్లుండలేనిచో తండ్రియో మేనమామయో చెప్పవచ్చును. మన పల్లెటూరి తల్లి, నేర్పినవారు లేకున్నను, ఎంత చక్కగ చెప్పగలదో చూడుడు:

"అమ్మా, నాకు సూదేస్తరా?"

"ఏస్తరు బిడ్డా. నొప్పైతది. జరసేపే. ఏడుపొస్తే ఏడువు, నేను నీ చెయ్యి పట్టుకుంట."

"నేనేం జేసిన?"

"నువ్వేం జెయ్యలే తల్లీ. నీ గుండె పుట్టుడే గట్ల పుట్టింది. దాన్ని మంచిగ జేస్తరు. అప్పుడు నువ్వు అన్నతోని ఉరుకొచ్చు."

ఈ నాలుగు మాటలలో శాస్త్రజ్ఞులు చెప్పుమన్నదంతయు ఇమిడియున్నది: నొప్పి యుండునను నిజము, అది ఆగిపోవునను భరోసా, ఏడ్చుటకు అనుమతి, ఇది శిక్ష కాదను మాట, బాగైన పిమ్మట కలుగు లాభము. "కోయుదురు", "రక్తము" అను మాటలు రానేలేదు. అడుగనిదానికి సమాధానము అక్కఱలేదు. మాటలకంటె ఆట మేలు. ఒక గుడ్డబొమ్మ రొమ్మున పట్టీ అంటించి, ఒక ఖాళీ సిరంజి—సూది లేనిది—బిడ్డ చేతికిచ్చి, "బొమ్మకు నువ్వే డాక్టరు" అన్నచో, బిడ్డ ఆ ఆటలో తన భయమెక్కడ నున్నదో తానే బయటపెట్టును. ఒక బిడ్డ బొమ్మ నోటినే అదిమిపెట్టవచ్చును. దానికి మత్తుమాస్కు భయమని గ్రహింపవలెను. ఇంకొక బిడ్డ బొమ్మను గది బయట విడిచివచ్చును. దానికి వేఱుపడుట భయము. బొమ్మ ఆసుపత్రికి వెంట రావచ్చునా యని అడుగుడు. పెక్కుచోట్ల థియేటరు గుమ్మముదాక రానిత్తురు.

ఇంటిలోని రెండవ బిడ్డను ఎవరును తలపరు. ఆఱేండ్ల యన్నను అమ్మమ్మ యింట దింపి పోవుదురు. మొన్న చెల్లెలిని తోసితిని కాబట్టియే దానికి ఇట్లైనదని వాడు లోలోన అనుకొనుచున్నాడేమో ఎవరడిగిరి? వానికిని అదే మాట చెప్పవలెను: ఎవరివలనను కాలేదు, ఎవరి తప్పును లేదు.

తల్లిదండ్రులు తమ్ము తాము సిద్ధపఱచుకొనవలసినది ఐ.సి.యు. దృశ్యమునకు. ఆపరేషను నాడు రొమ్ముటెముకను నిలువున తెఱచి, యంత్రమునకు కలిపి, పొటాసియము గల ద్రావణముతో గుండెను ఆపి, చిల్లును అతుకుతో మూసి, ఇఱుకుత్రోవను వెడల్పుచేసి, మరల కొట్టుకొననిత్తురు. ఇది కొన్ని గంటల పని. ఆలస్యమైనంత మాత్రమున అపాయమని భావింపరాదు. తరువాత తొలిసారి లోపలికి పిలిచినప్పుడు బిడ్డ మొగముబ్బి, కనుఱెప్పలు వాచి యుండును. నోట గొట్టము, మెడలో సన్నని గొట్టములు, రొమ్ముక్రిందనుండి ఎఱ్ఱని నీరు జాఱు గొట్టములు, గుండెనుండి వెలికి వచ్చిన సన్నని తీగెలు కనబడును. గొట్టము లాగుకొనకుండ చేతులు మెత్తని గుడ్డతో కట్టియుందురు. ముందుగా ఎవరును ఏమియు చెప్పని తల్లి ఈ దృశ్యము చూచి కూలబడును. ముందురోజు నర్సు కూర్చుండబెట్టి, ఏది దేనికొఱకో, ఏ దినమున తీయుదురో చెప్పియున్న తల్లి మంచము దగ్గఱకు పోయి బిడ్డ పేరు పిలుచును. నోట గొట్టమున్నంతసేపు బిడ్డకు మాట రాదు. అది బిడ్డకును ముందుగా తెలిసియుండవలెను, లేనిచో గొంతు పోయినదని బెదరును. మీ ఆసుపత్రిలో ఈ విషయములు ఎవరును చెప్పకున్నచో మీరే అడుగుడు. సంతకము చేయు కాగితములో అపాయము పాళ్లెంతయో అడుగుటకును మీకు హక్కు కలదు. అడిగినవారు వైద్యుని అవమానించినవారు కారు.

అంతయు సవ్యముగ జరిగి ఇంటికి వచ్చిన పిమ్మట కొన్ని వారములు బిడ్డ పక్క తడుపవచ్చును, నిద్రలో ఉలికిపడవచ్చును, తల్లి కొంగు విడువకపోవచ్చును, మానిన పాలపీక మరల అడుగవచ్చును. ఇది మొండితనము కాదు, తిట్టకున్నచో తగ్గిపోవును. రొమ్ముటెముక అతుకుటకు ఆఱు వారములు పైగ పట్టును గాన, అంతవఱకు చంకలక్రింద చేతులు వేసి ఎత్తరాదు. ఒక చేయి వీపుక్రింద, ఒకటి పిఱుదులక్రింద పెట్టి ఎత్తవలెను. ఈ సంగతి ఇంటికి చూడవచ్చు ప్రతి చుట్టమునకును చెప్పవలెను, ఏలయన మనవారు బిడ్డను చూడగనే చంకలు పట్టియే పైకెత్తుదురు. మొదటి ఆఱు నెలలలో పంటివైద్యము చేయించవలసివచ్చినచో గుండె ఆపరేషనైన సంగతి ముందుగ తెలుపవలెను. ఫాలో దోషమునకు చికిత్స పొందిన బిడ్డ పెద్దయైన పిమ్మటను ఎకో పరీక్షలకు పోవుచుండవలెను. ఆ కాగితములు పెండ్లి శుభలేఖలకంటె భద్రముగ దాచుడు.

తుదకు ఒక మాట, ఇంట రోగిబిడ్డ లేని చదువరులకు. ఇట్టి ఆపరేషనులకు రక్తము కావలెను. ఆసుపత్రులు కుటుంబమును దాతలను తెమ్మనును. ఊరు విడిచి పట్టణమునకు వచ్చిన తండ్రి, బిడ్డ దగ్గఱ ఉండవలసిన దినమున, ఫోను పట్టుకొని తెలిసిన ప్రతివానిని బ్రతిమాలుచుండును. పదునెనిమిది మొదలు అఱువదియైదేండ్లలోపు వయస్సు, నలువదియైదు కిలోలకు తక్కువ గాని బరువు, తగిన హిమోగ్లోబిను గల ఆరోగ్యవంతులు రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. ఎవరైన అడుగువఱకు వేచియుండక, ఈ నెలలో ఒక దినము మీ పట్టణములోని రక్తనిధికి పోయి యిచ్చి రండు.